అడ్రస్ బార్‌లో అక్కర్లేని అడ్రస్ పదే పదే వస్తోందా? ఆ ఒక్కటే తీసేద్దాం

నమస్కారం అండీ. బ్రౌజర్‌లో పైన అడ్రస్ బార్ ఉంటుంది కదా, అందులో రెండక్షరాలు కొట్టగానే మిగతాది అదే పూర్తి చేసి చూపిస్తుంది. మనకు కావాల్సింది చూపిస్తే హాయి. కానీ ఎప్పుడో తప్పుగా కొట్టిన అడ్రస్సో, ఇప్పుడు వాడని పాత అడ్రస్సో అక్కడ పాతుకుపోతే రోజూ చిరాకే. ఈ వీడియోలో ఆ ఒక్క వరుసను ఎలా తీసేయాలో చూపిస్తాను. నేను చెప్పేది వెబ్‌సైట్ అడ్రస్ గురించి. ఫారాలు నింపేటప్పుడు వచ్చే ఇంటి అడ్రస్ సంగతి వేరు, దాని సెట్టింగ్ వేరే చోట ఉంటుంది.

మా పిన్ని ల్యాప్‌టాప్‌లో జరిగింది చెబుతాను. ఆవిడ ప్రతినెలా కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లోనే కడుతుంది. ఒకసారి అడ్రస్‌లో ఒక అక్షరం ఎగిరిపోయింది, చూసుకోకుండా ఎంటర్ కొట్టేసింది. అంతా ప్రకటనలతో నిండిన ఏదో పేజీ తెరుచుకుంది. అప్పటినుంచి మొదటి రెండక్షరాలు కొడితే చాలు, ఆ తప్పు అడ్రస్సే ముందుకొస్తోంది. తెలిసినవాళ్లెవరో "హిస్టరీ మొత్తం క్లియర్ చేసెయ్యండి" అన్నారట. ఆవిడ కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి, కనిపించిన గడులన్నిటికీ టిక్కు పెట్టి తుడిచేసింది. తప్పు అడ్రస్ పోయింది, నిజమే. దాంతోపాటు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లూ పోయాయి, తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ పోయాయి. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి "ఏ పాస్‌వర్డూ ఎక్కడా రాసుకోలేదమ్మా" అంటుంటే ఆవిడ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఒక్క వరుస తీయడానికి ఇంత అవసరం లేదండీ. అందుకే ఈ వీడియో.

ఇప్పుడు నా స్క్రీన్ చూడండి. ఇది క్రోమ్. తెలంగాణలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుంటున్నాను. 2024లో రాష్ట్రం పేరుకు వాడే టీఎస్ కాస్తా టీజీ అయింది, టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. అడ్రస్‌లోనూ ఆ అక్షరం మారింది. కానీ ఏళ్ల తరబడి పాతదే కొట్టాం కదా, బ్రౌజర్ దాన్ని వదలడం లేదు. చూడండి, టీ, ఎస్ అని కొట్టాను. కింద జాబితా తెరుచుకుంది. పాత అడ్రస్ రెండో వరుసలో ఉంది.

కీబోర్డ్ మీద కింది బాణం నొక్కండి. ఆ వరుస మీదికి రంగు వచ్చేదాకా దిగండి. ఎంటర్ నొక్కొద్దు, నొక్కితే ఆ సైటుకే వెళ్లిపోతారు. రంగు వచ్చిందా? ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. అంతే, వరుస మాయం. బ్యాక్‌స్పేస్ కాదండీ, డిలీటే. బ్యాక్‌స్పేస్ నొక్కితే బార్‌లో ఉన్న అక్షరాలు చెరిగిపోతాయి కానీ బ్రౌజర్ జ్ఞాపకంలోంచి ఏమీ పోదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మ్యాక్‌లో క్రోమ్ వాడేవాళ్లు షిఫ్ట్‌తో పాటు ఎఫ్‌ఎన్ కూడా పట్టుకుని డిలీట్ నొక్కాలి.

మౌస్ వాడేవాళ్లు ఆ వరుస మీద బాణం గుర్తు పెట్టి కుడి చివర చూడండి. చిన్న ఇంటూ గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే చాలు. అక్కర్లేని అడ్రస్ మొట్టమొదటి వరుసలోనే ఉండి, కీలు నొక్కినా పోకపోతే ఈ ఇంటూ గుర్తే సులువు. ఎడ్జ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ షిఫ్ట్, డిలీట్ ఇలాగే పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ అయితే ఆ వరుసను వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి, హిస్టరీలోంచి తీసేయాలా అని అడుగుతుంది, ఓకే అనండి.

"నేను చేశాను, అయినా పోలేదు" అంటారు కొందరు. అప్పుడు వరుసకు ఎడమ పక్కనున్న బొమ్మ చూడండి. నక్షత్రం ఉంటే అది మీరు బుక్‌మార్క్ చేసుకున్నది. బుక్‌మార్క్ తీసేస్తే గానీ అది పోదు. భూతద్దం ఉంటే అది సెర్చ్ ఇంజన్ పంపిన సలహా, మీరు వెళ్లిన సైటు కాదు. అది చూసి ఇంట్లో ఎవరో ఏదో వెతికారని అనుమానపడకండి. గడియారం ఉంటే మీరు ఇంతకుముందు వెతికిన మాట. గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఆ మాట అకౌంట్‌లో కూడా ఉండొచ్చు, అక్కడ మై యాక్టివిటీలోకి వెళ్లి తీసేయాలి.

ఒకే సైటువి పది పదిహేను పేజీలు వస్తుంటే ఒక్కొక్కటీ తీయడం విసుగు. కంట్రోల్, హెచ్ నొక్కి హిస్టరీ తెరిచి, పైన వెతికే గడిలో సైటు పేరు కొట్టండి. వచ్చినవాటికి టిక్కు పెట్టి తీసేయండి. ఫైర్‌ఫాక్స్ హిస్టరీలో అయితే ఆ సైటును పూర్తిగా మర్చిపొమ్మని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. కాకపోతే దాంతో కుకీలు, అంటే మీ లాగిన్ గుర్తుంచుకోవడానికి ఆ సైటు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు కూడా పోతాయి, ఆ సైటులో మళ్లీ లాగిన్ అవ్వాలి. సింక్, అంటే ఒకే అకౌంట్‌తో ల్యాప్‌టాప్, ఫోన్ రెండింట్లో హిస్టరీని ఒకేలా ఉంచే సెట్టింగ్, ఆన్ చేసి ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ల్యాప్‌టాప్‌లో హిస్టరీలోంచి తీసింది మీ ఫోన్‌లోనూ పోతుంది.

ఇంట్లో అందరూ ఒకే కంప్యూటర్ వాడుతుంటే, ఆరోగ్యం గురించో ఇంకేదైనా సొంత విషయమో చూసుకునేటప్పుడు ముందే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. అందులో చూసిన అడ్రస్‌లు తర్వాత బార్‌లోకి రావు. ఒకరి ఆరోగ్య సమస్య ఇంకొకరికి అడ్రస్ బార్ చూసి తెలియకూడదు కదండీ.

తప్పు అడ్రస్ విషయంలో నాకు అసలు భయం చిరాకు గురించి కాదు. బ్యాంకు అడ్రస్‌కు ఒక అక్షరం తేడాతో దొంగ సైట్లు పెట్టేవాళ్లు ఉన్నారు. అలాంటిది ఒక్కసారి బార్‌లో చేరితే, తొందరలో రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కే అలవాటుతో మళ్లీ అక్కడికే పోతాం. కాబట్టి డబ్బు సంబంధించిన సైట్ల విషయంలో ఇవాళే ఒకసారి చూసుకోండి, తేడాగా ఉన్నది వెంటనే తీసేయండి. పొరపాటున అలాంటి చోట వివరాలు ఇచ్చి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక చివరి పని, దీన్ని మాత్రం వదిలెయ్యొద్దు. మనం ఎంత తరచుగా వెళ్లామో, ఎంత ఈమధ్య వెళ్లామో, చేత్తో కొట్టి వెళ్లామా అనేవి చూసి బ్రౌజర్ వరుసలు పేరుస్తుంది. తప్పుది తీసేశాక సరైన అడ్రస్‌ను మొత్తం, ఒక్కో అక్షరం చూసుకుంటూ చేత్తో కొట్టి ఎంటర్ నొక్కండి. పిన్ని చేత అలాగే కొట్టించి బుక్‌మార్క్ కూడా పెట్టించాను. మర్నాడు ఆవిడే రెండక్షరాలు కొట్టి చూసుకుని, సరైనదే వచ్చిందని ఫొటో తీసి పంపింది.