లడ్లో: సంత చుట్టూ పెరిగిన ఊరు

మిత్రులందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, ష్రాప్‌షైర్‌లో ఉంది లడ్లో. వెళ్లినవాళ్లంతా నేరుగా కోటలోకి దూరిపోతారు. మీరు మాత్రం ముందు కోటగుమ్మం దగ్గర నిలబడి తూర్పుకు చూడండి. అక్కణ్ణుంచి బుల్ రింగ్ అనే వీధి దాకా ఒకప్పుడు అడ్డులేని సంతవీధి. అంగళ్లవాళ్లు సాయంత్రం గుడారాలు విప్పడం మానేశారు, తర్వాత గుంజలు పాతారు, ఆ తర్వాత మేడలే లేపారు. మన బజార్లలో ఆక్రమణలు పెరిగే తీరే! కింగ్ స్ట్రీట్, హార్ప్ లేన్ అంత ఇరుగ్గా ఉండటానికి కారణం ఇదే. సంత మాత్రం నేటికీ ఆగలేదు. కోట ముందరి చౌకులో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో జరుగుతుంది.

ఆ సంతలో మోసం చేసినవాళ్లకు ఏ గతి పడుతుందో సెయింట్ లారెన్స్ చర్చిలో చెక్కి పెట్టారు. గాయకుల పీటలు మడతపెడితే కింద చెక్కిన బొమ్మలు కనిపిస్తాయి, మొత్తం 28. ఒకదానిలో బీరు అమ్మే ఆవిడ ఉంటుంది. దొంగ కొలపాత్ర ఇంకా చేతిలోనే ఉంది, దయ్యం ఆమెను భుజాన వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతోంది, ఇంకో దయ్యం పాపాల చిట్టా చదువుతోంది. మసక వెలుతురులో ఇది తేలిగ్గా తప్పిపోతుంది, కాబట్టి చిన్న టార్చి తీసుకెళ్లండి. ఉన్ని వ్యాపారంతో ఊరికి వచ్చిన సంపదే ఈ చర్చిని ఇంత పెద్దది చేసింది. గోపురం ఎత్తు 157 అడుగులు.

కోటను 11వ శతాబ్దం చివర్లో డి లేసీ వంశం మొదలుపెట్టింది. ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ పెద్దకొడుకు, యువరాజు ఆర్థర్ 1502లో ఇక్కడే చనిపోయాడు. వితంతువైన అతని భార్య కేథరిన్‌ను తర్వాత అతని తమ్ముడు ఎనిమిదో హెన్రీ పెళ్లాడాడు. వేల్స్ వ్యవహారాలు చూసిన పాలకమండలి ఇక్కణ్ణుంచే పనిచేసేది. 1689లో దాన్ని రద్దు చేశాక కోటను పట్టించుకునేవారు లేకపోయారు. పైకప్పు సీసం రేకులు ఊడదీశారు, వాననీరు లోపలికి దిగి దూలాలు కుళ్లాయి. అందుకే ఇప్పుడు గోడలే మిగిలాయి. గుండ్రటి ప్రార్థనామందిరాన్ని తప్పకుండా చూడండి, ఇంగ్లండ్‌లో అలాంటివి బహు అరుదు.

తర్వాత బటర్‌క్రాస్ అనే పాత భవనం నుంచి బ్రాడ్ స్ట్రీట్‌లో కిందికి నడవండి. ముందువైపు 18వ శతాబ్దపు ఇటుక ముఖాలు. పక్క సందులోకి తొంగిచూస్తే మాత్రం పాత ఓక్ చట్రం బయటపడుతుంది. కొత్త మోజుకు ముందు గోడ మార్చారు, ఇల్లు అదే. ఇలాంటి ఇళ్లకు సిమెంటు పూత పెడితే తేమ బయటికి పోక ఓక్ కర్ర పుచ్చిపోతుంది. అందుకే మరమ్మతుకు సున్నం వాడాలి. కొత్త ముఖం తగిలించని ఓక్ ముందుగోడ చూడాలంటే 1619 నాటి ఫెదర్స్ హోటల్ దగ్గరికి వెళ్లండి.

వీధి చివర బ్రాడ్ గేట్ దాటి, టీమ్ నది మీద లడ్‌ఫర్డ్ వంతెనకు వస్తే పక్కనే రాతికట్టు కనిపిస్తుంది. ప్రాచీన చేపల పొలుసులు, ఎముకల ముక్కలు నిండిన పొర అక్కడుంది. ప్రపంచ భూగర్భశాస్త్రంలో, నలభై కోట్ల ఏళ్లకు పైబడిన సైల్యూరియన్ కాలంలోని ఒక భాగానికి ఈ ఊరి పేరే పెట్టారు. చూడండి, కానీ సుత్తి వేయకండి, ముక్క కూడా తీసుకోకండి.

ష్రూస్‌బరీ నుంచి రైల్లో అరగంట ప్రయాణం. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఎక్కుడు దారి, రాళ్లు పరిచిన చోట్లు ఉన్నాయి కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. సంతరోజున వెళ్తే పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం దాటాక అంగళ్లు సర్దేస్తుంటారు.