పోయింది కాగితమా, నమోదా?

నమస్కారం. “జనన ధ్రువపత్రం పోయింది, రికార్డును పునరుద్ధరించుకోవడం ఎలా?” అని అడిగేవారిలో అధికులు పోగొట్టుకున్నది రికార్డును కాదు, దాని నకలును మాత్రమే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల అక్కర లేని చోట కోర్టు గుమ్మం ఎక్కేవారూ, ఎక్కవలసిన చోట ఎక్కక దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టుకుంటూ ఏళ్లు గడిపేవారూ ఎదురవుతూనే ఉంటారు. అందుకే ఈ వీడియో.

నమోదు రిజిస్టరును ఒక బావి అనుకోండి. మీ చేతిలోని ధ్రువపత్రం ఆ బావిలోంచి చేదుకున్న కడవెడు నీళ్లు. కడవ పగిలితే మళ్లీ బావి దగ్గరకు వెళ్లి చేదుకుంటాం. నకలు తీసుకోవడమంటే అదే. బావే పూడిపోతే పూడిక తీయాలి, అది పునరుద్ధరణ. దానికి కోర్టు అనుమతి కావలసి రావచ్చు. అక్కడ ఏనాడూ బావి లేకపోతే కొత్తగా తవ్వుకోవాలి. అది ఆలస్యపు నమోదు. పూడిక తీయదలచినవారు అక్కడ బావి ఉండేదని ముందుగా చూపించాలి. అంటే ఘటన (జననం, వివాహం, మరణం ఏదైనా) జరిగిందని మాత్రమే కాదు, అది అప్పట్లోనే నమోదైందనీ, ఆ నమోదు ఆ తరవాత నశించిందనీ కూడా నిరూపించాలి. కొత్త బావి తవ్వేవారికి ఈ రెండో భారం ఉండదు.

(తెరపై: పక్కపక్కన రెండు బావులు)

బావి పూడుతుందన్న భయం పాతదే. ఫ్రాన్సులో 1667 నాటి రాజశాసనం చర్చి రిజిస్టర్లను రెండు ప్రతులుగా రాయాలని నిర్దేశించింది. ఒకటి చర్చిలోనే ఉంటుంది, రెండోది న్యాయస్థానానికి చేరుతుంది. 1792లో జనన, వివాహ, మరణాల నమోదును ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్న తరవాత కూడా రెండు ప్రతుల పద్ధతి కొనసాగింది. పారిస్‌లో ఒక ప్రతి నగరపాలక సంస్థ వద్ద, మరొకటి న్యాయస్థాన భవనంలో ఉండేవి. 1871 మే 24న, పారిస్ ప్రజలు ప్రభుత్వాన్ని ఎదిరించి నగరాన్ని తామే ఏలుకున్న ‘కమ్యూన్’ తిరుగుబాటు చివరి రోజుల్లో, ఆ రెండు చోట్లా మంటలు లేచాయి. 16వ శతాబ్దం నుంచి 1859 వరకు పోగుపడిన సుమారు 80 లక్షల నమోదులు, వాటి జంట ప్రతులతో సహా, బూడిదయ్యాయి. 1860 తరవాతి రిజిస్టర్లు వార్డుల కార్యాలయాల్లో విడివిడిగా ఉండడం వల్ల చాలావరకు మిగిలాయి. రెండు ప్రతులు రాయడం ముందుచూపే గాని, నడిచి వెళ్లగలిగేటంత దూరంలో రెంటినీ దాచడాన్ని ముందుచూపు అనడానికి నాకు నోరు రాదు.

ఆ తరవాత జరిగిన పనే నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది. 1872 ఫిబ్రవరి 12 నాటి చట్టం పునరుద్ధరణకు దారి వేసింది. కుటుంబాలు పెట్టెల్లో దాచుకున్న పాత నకళ్లు, ఆస్తి పంపకాల కోసం నోటరీల దస్త్రాల్లో చేరిన పత్రాలు, చర్చిల బాప్టిజం, వివాహ పుస్తకాలు అన్నీ పరిశీలనకు వచ్చాయి. బావిలోంచి ఒకప్పుడు చేదుకుపోయిన నీళ్లను ఇంటింటి నుంచి కడవలతో తెచ్చి తిరిగి బావిలో పోయడమన్నమాట. 1897 వరకు సాగిన ఈ శ్రమలో 26 లక్షలకు పైగా నమోదులు తిరిగి దక్కాయి, అంటే దాదాపు మూడో వంతు. పైగా ఎవరి కడవలో ఎంత మిగిలి ఉంటే బావికి అంతే చేరింది: పాత నకలులో పేరు, తేదీ మాత్రమే ఉంటే, పునరుద్ధరించిన పత్రంలోకి మిగతా వివరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

అయితే కడవతో తెచ్చినవి ఆ బావి నీళ్లేనని ఎలా తెలుస్తుంది? 1906 ఏప్రిల్ 18 నాటి భూకంపం, దాని వెంట వచ్చిన అగ్నిప్రమాదం శాన్‌ఫ్రాన్సిస్కోలో జనన రికార్డులను నాశనం చేశాయి. చైనీయుల వలసను అమెరికా చట్టం గట్టిగా అడ్డుకుంటున్న కాలమది. తాము ఆ నగరంలోనే పుట్టామని, కాబట్టి అమెరికా పౌరులమని ఎందరో చైనీయులు చెప్పుకున్నారు. కాదనడానికి రిజిస్టరు లేదు. ఆపై వారి బిడ్డలమంటూ కాగితాల మీద మాత్రమే కొడుకులైనవారు కూడా వచ్చారు. ఆ నగరం దగ్గరి ఏంజెల్ ఐలండ్ అనే దీవిలోని వలస కేంద్రంలో అధికారులు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మీ ఊళ్లో మీ ఇంటికి మెట్లెన్ని, వాకిలి ఏ దిక్కున ఉంది, పొరుగింట్లో ఎవరుంటారు అని ప్రశ్నించి, ఆ జవాబులను బంధువుల జవాబులతో సరిపోల్చేవారు. నిజమైన కొడుకు కూడా మెట్ల లెక్క తప్పవచ్చు, కాగితపు కొడుకు కంఠస్థం చేసి ఒప్పజెప్పవచ్చు. సాక్ష్యాన్ని జ్ఞాపకం మీదనే నిలబెడితే వచ్చే చిక్కు ఇదే.

కనుక ఏ దేశంలోనైనా సాక్ష్యాల బరువు తూచేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కాగితం ఎప్పుడు, ఎందుకోసం పుట్టింది? ఘటన జరిగిన రోజుల్లోనే, ఈ వివాదంతో సంబంధం లేని పని కోసం పుట్టిన కాగితానికి బరువెక్కువ. ప్రసవం జరిగిన ఆసుపత్రి పుస్తకం, బాప్టిజం నమోదు ఆ కోవలోనివి. బడి రికార్డులోని పుట్టిన తేదీ సాధారణంగా తల్లిదండ్రులు చెప్పినదే కాబట్టి దాని బరువు కొంత తక్కువ. నిన్న రాయించుకున్న అఫిడవిట్ బరువు అన్నిటికన్నా తక్కువ, అదేమిటో మనవాళ్లకు దాని మీదే నమ్మకమెక్కువ.

సమయం మించిపోతోంది గనుక మిగిలినవి గబగబా చెబుతాను. మొదట నమోదు కార్యాలయంలో వెతికించి, ఏయే సంవత్సరాల రిజిస్టర్లు చూశారో, రికార్డు దొరకలేదో లేక నశించిందో రాతపూర్వకంగా తీసుకోండి. “దొరకలేదు” వేరు, “నశించింది” వేరు. రెండో ప్రతి పైకార్యాలయంలో ఉందేమో అడగండి, ఉంటే సాధారణంగా కోర్టు దాకా పోనక్కర లేదు. వివాహ రికార్డు విషయంలో పెళ్లి జరిగిందని చూపడంతో సరిపోదు, అది ఎక్కడ నమోదైందో కూడా తేలాలి. పునరుద్ధరించిన పత్రంలో ఘటన తేదీ పాతదే ఉండాలి. పునరుద్ధరణ తేదీ ఆ గడిలోకి ఎక్కిందేమో అక్కడే నిలబడి చూసుకోండి. చివరిగా, కోర్టు ఉత్తర్వు చేతికి రాగానే బీరువాలో పెట్టేయకండి. అది పూడిక తీయడానికి అనుమతి మాత్రమే. దాన్ని నమోదు కార్యాలయంలో ఇచ్చి, రిజిస్టరులో రాయించి, ఆ రిజిస్టరు నుంచి కొత్త నకలు తీసుకున్నాకే బయటకు రండి.