విశాఖలో రాక్ సంగీతం: వాయించేవారున్నారు, రాసేవారేరీ?

సభకు నమస్కారం. ఈ ఊళ్లో రాక్ సంగీతం ఎక్కడుందని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఉంది. ఇంజనీరింగ్ కళాశాలల వార్షికోత్సవాల్లో, బీచ్ రోడ్డు వెంబడి ఉన్న కెఫేల్లో, మేడల మీద అద్దె గదుల్లో గిటార్లు, డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. లేనిదల్లా దాని గురించిన వార్త. కళాభారతిలో కర్ణాటక సంగీత కచేరీ జరిగితే ఎవరు పాడారో, పక్కవాద్యాలు ఎవరివో, ఏ రాగాన్ని విస్తరించారో పత్రికలో నాలుగు వాక్యాలైనా చదువుకోవచ్చు. రాక్ బృందం రెండు గంటలు వాయించి వేదిక దిగితే మిగిలేవి ఫోన్లలోని అర నిమిషం వీడియోలు. వాటిలోనూ పాటకంటే ఈలలే ఎక్కువ వినిపిస్తాయి.

మన బృందాలు నిలవకపోవడానికి ప్రతిభ కొరత కంటే ఈ రాత కొరతే పెద్ద కారణమని నా అభిప్రాయం. మొదటి ఏడాదిలో కలిసిన నలుగురు కుర్రాళ్లు మూడో ఏటికి బాగా వాయించడం నేర్చుకుంటారు. నాలుగో ఏట ఉద్యోగాలొచ్చి ఒకరు బెంగళూరుకు, మరొకరు హైదరాబాదుకు వెళ్లిపోతారు. ఏ హాలువాళ్లు డ్రమ్స్‌కు ఒప్పుకుంటారు, బేస్ గిటారును వినిపించేలా మిక్సింగ్ చేయగల సౌండ్ మనిషి ఎవరు, అనుమతికి ఎవరిని కలవాలి అన్న తెలివిడి అంతా వాళ్లతోనే రైలెక్కుతుంది. తరవాతి జట్టు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెడుతుంది.

రాత ఏం చేయగలదో చూడాలంటే అలహాబాదును చూడాలి. రాక్ అనగానే గుర్తొచ్చే ఊరు కాదది. అక్కడి నుంచే 1993లో అమిత్ సైగల్ ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పత్రికను మొదలుపెట్టారు. షిల్లాంగులోని బృందం సంగతి బెంగళూరు కుర్రవాడికి, ముంబయి బృందం సంగతి ఢిల్లీ కుర్రవాడికి తెలిసే దారి ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు చేరని ఆ రోజుల్లో అలా ఏర్పడింది. ఆ పత్రికే తరవాత ‘గ్రేట్ ఇండియన్ రాక్’ ఉత్సవాన్ని నడిపింది. వార్త ముందు వచ్చింది, వేదిక దాని వెనకాల వచ్చిందన్నది గమనించదగ్గ విషయం. ఇక కోల్‌కతాలో 1975లో పుట్టిన ‘మొహీనేర్ ఘొరాగులి’ బృందాన్ని ఆ కాలం పెద్దగా పట్టించుకోలేదు. అయినా 1995లో ఆ బృందానికే చెందిన గౌతమ్ చట్టోపాధ్యాయ్ చొరవతో వచ్చిన సంకలనం వాళ్ల పాటల్ని కొత్త తరానికి అందించింది. బంగ్లా రాక్‌కు ఒక పూర్వచరిత్ర ఉందని కుర్రకారుకు అప్పుడు తెలిసింది. దాచినవారు ఉండబట్టే అది సాధ్యమైంది.

వార్త అంటే పొగడ్త కాదు. “విశాఖ యువత ఉర్రూతలూగింది” అన్న వాక్యం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. ఎన్ని సొంత పాటలు వాయించారు, ఎన్ని ఇతరులవి, గాయకుడి మాట వినబడిందా, స్పీకర్లలో గుయ్యిమనే హమ్ ఎంతసేపు ఉంది, టికెట్టు ఎంత అన్నవి కావాలి. మన ఊరికే చెందిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. సముద్రపు గాలికి గిటారు ఉక్కు తీగలు త్వరగా తుప్పు పట్టి గరుకెక్కుతాయి. అప్పుడు వేలు జారదు, శ్రుతి కుదరదు. వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టడం తప్ప మార్గం లేదు. సాధన గదుల గోడలకు గుడ్ల అట్టలు అంటించే అలవాటు కూడా ఉంది. అవి గదిలోని ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి గానీ డ్రమ్స్ దెబ్బను పక్కింటికి పోకుండా ఆపలేవు. ఇలాంటిది ఒక్కసారి అచ్చయితే ప్రతి జట్టూ అట్టల మీద డబ్బు పోయనక్కరలేదు.

చట్టం సంగతీ అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు. డ్రమ్ కిట్టు ఒక్కటే, దగ్గరగా వింటే, 100 దాటగలదు. కనుక పొరుగువారు విసుక్కోవడంలో అన్యాయమేమీ లేదు.

సొంత పాట గురించి ఒక మాట. మలయాళంలో ‘అవియల్’ బృందం 2008లోనే తమ భాషలో రాక్ ఆల్బమ్ తెచ్చింది. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకుబడితోనే జనాన్ని కదిలించారు. అటువంటి ఊళ్లో ఇంగ్లీషు పాటలకు నకళ్లు వాయించి సరిపెట్టుకోవడం నాకు రుచించదు. రెండు గిటారు ముక్కల మధ్య తప్పెటగుళ్ల దరువు ఇరికిస్తే మాత్రం అది అలంకారమే అవుతుంది. మాట మనదైతే లయ దానంతటదే దారి వెతుక్కుంటుంది.

నా ప్రతిపాదన చిన్నది. నెలకొక కాగితం, రెండు వైపులా. తేదీ, చోటు, వాయించినవారు, పాటల జాబితా, సొంత పాటలకు ఒక గుర్తు, మొహమాటం లేకుండా ఒక లోపం. ప్రతి సంచిక ఒక ప్రతి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఇద్దాం. ఊరు వదిలివెళ్లిన పాత బృందాలవారి హార్డ్ డిస్కుల్లో ఉన్న రికార్డింగుల జాబితా తయారు చేయడంతో మొదటి సంచిక పని మొదలుపెట్టవచ్చు. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక నన్ను కలవండి.