వసారాలో బీజగణితం: నెల్లూరు ఎండల్లో పిల్లలతో లెక్కలు

నమస్కారమండీ. సెలవులకు కాలిఫోర్నియా నుంచి మా అమ్మావాళ్ల ఊరికి వచ్చామని కిందటి వీడియోలో చెప్పాను కదా. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి వెళ్లే దారిలో, ఇందుకూరుపేట మండలంలో ఉంది మా ఊరు. రోహిణి కార్తె ఎండ మండిపోతోంది. పొద్దున పది దాటాక పిల్లలెవరూ గడప దాటకూడదని మా అమ్మ ఆజ్ఞ. దాంతో ఇరుగుపొరుగు పిల్లలంతా మా వసారాలో చేరారు. రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివేవాళ్లు. మా అబ్బాయి కూడా వాళ్లలో కలిసిపోయాడు. ఈ వీడియోలో వంటలు, కొనుగోళ్లు ఉండవు. ఈ పిల్లలతో బీజగణితం, గ్రాఫులు, సంభావ్యత (ఏది జరిగే అవకాశం ఎంతో లెక్కకట్టడం) ఎలా చేయిస్తున్నానో చూపిస్తాను.

"ఇంత చిన్నవాళ్లకు బీజగణితం ఎందుకమ్మా?" అని మా మామయ్య అడిగారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. ఎక్స్, వై అనే అక్షరాలు తర్వాత వచ్చినా నష్టం లేదు. తెలిసినవాటిని పట్టుకుని తెలియనిదాన్ని రాబట్టడం ఏడేళ్ల పిల్లకు కూడా చేతనవుతుంది. ఆ అలవాటు లేకుండా అక్షరాలు ఎదురైతేనే పిల్లలు బెదిరిపోతారు. నేను అక్కడ మా అబ్బాయి చదివే బడిలో లెక్కల తరగతికి సాయం వెళ్తుంటాను. కాలిఫోర్నియా 2010లో స్వీకరించిన కామన్ కోర్ ప్రమాణాల్లో, అంటే ఏ తరగతిలో ఏం నేర్పాలో అమెరికాలో చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా పెట్టుకున్న జాబితాలో, ఒకటో తరగతి నుంచే సమాన గుర్తుకు అర్థం నేర్పుతారు. ఒకటో తరగతిలో సమాన గుర్తు గురించి ప్రత్యేకంగా చెప్పడానికి ఏముంటుందని మొదట నాకూ అనిపించింది. తరగతిలో కూర్చుని చూశాక, అన్నిటికంటే ముందు చెప్పవలసింది అదేనని తెలిసింది.

ఇదిగో, ఈ లెక్క చూడండి. 8 + 4 = పెట్టె + 5. పెట్టెలో ఏ సంఖ్య రాయాలి? మన వసారాలో దాదాపు అందరూ 12 అన్నారు. ఒకరిద్దరు అన్నీ కూడేసి 17 అన్నారు. అమెరికాలో 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలకు ఇదే లెక్క ఇస్తే వాళ్లూ 12, 17 అనే రాశారు. అంటే ఈ చిక్కు మన బడిదీ కాదు, వాళ్ల బడిదీ కాదు. సమాన గుర్తు కనిపించగానే "ఇక జవాబు రాయాలి" అని పిల్లలు అనుకుంటారు. అటూ ఇటూ ఒకే విలువ ఉండాలన్న సంగతి వాళ్లకు ఎవరూ చేతికందేలా చూపించి ఉండరు.

అందుకే ఈ తక్కెడ. రెండు కొబ్బరి చిప్పలు, పురికొస, ఒక వెదురు కర్ర, అంతే. ముందు చింతగింజలతో తూచబోయాం. అవి చిన్నా పెద్దా కలిసి ఉండటంతో ముల్లు నిలవలేదు. రూపాయి బిళ్లలైతే బాగా కుదిరాయి. అయితే పాత బిళ్లలను, కొత్త బిళ్లలను కలపకండి, బరువులో తేడా ఉంటుంది. రెండు అగ్గిపెట్టెల్లో సమానంగా కొన్ని బిళ్లలు దాచాను. ఎన్ని దాచానో చెప్పలేదు. ఆ రెండు పెట్టెలు, వాటి పక్కన విడిగా 3 బిళ్లలు ఎడమ చిప్పలో పెట్టాను. కుడి చిప్పలో 11 బిళ్లలు వేస్తే సరిపోవాలి. సరిపోలేదు, ఎడమ వైపు కొంచెం కిందికి దిగింది. నాలుగో తరగతి చదివే పక్కింటి పాప వెంటనే అడిగింది: "అత్తా, ఖాళీ అగ్గిపెట్టెకు కూడా బరువుంటుంది కదా?" అని. ఎవరూ చెప్పకుండానే లోపలికి వెళ్లి ఇంకో రెండు ఖాళీ పెట్టెలు తెచ్చి కుడి చిప్పలో వేసింది. తక్కెడ నిలబడింది. సమీకరణంలో అటు చేసింది ఇటూ చేయాలన్న నియమం ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

తర్వాత పని చకచకా సాగింది. రెండు వైపుల నుంచీ మూడేసి బిళ్లలు తీసేశారు. ఎడమన రెండు పెట్టెలు, కుడిన ఖాళీ పెట్టెలతోపాటు 8 బిళ్లలు మిగిలాయి. ఒక్కో పెట్టెలో 4 ఉన్నాయని అందరూ ఒక్కసారే అరిచారు. పెట్టె తెరిచి చూపించే ముందు "ఎందుకు?" అని అడిగాను. ఇది మాత్రం వదలకండి. జవాబు సరైనదైనా సరే, ఎందుకో చెప్పాకే పెట్టె తెరవాలి.

మళ్లీ 8 + 4 దగ్గరికి వచ్చాం. ఈసారి మూడో తరగతి అబ్బాయి ఒకడు కూడికే చేయలేదు. "5 అంటే 4 కన్నా ఒకటి ఎక్కువ. అందుకని పెట్టెలో 8 కన్నా ఒకటి తక్కువ ఉండాలి. 7" అన్నాడు. మామయ్య కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. తొమ్మిదో తరగతిలో కూడా ఇలా చెప్పేవాళ్లు కొద్దిమందేనని అన్నారు.

ఇప్పుడు వాకిట్లోకి రండి. ఇది సాయంత్రం తీసింది, ఎండ తగ్గాక. అమ్మ చుక్కల ముగ్గు పెడుతోంది. మధ్య వరుసలో 7 చుక్కలు, దానికి పైనా కిందా 5, 3, 1. మొత్తం ఎన్ని చుక్కలని అడిగితే పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టి 25 అన్నారు. లెక్కపెట్టకుండా చెప్పాలంటే ఎలా అన్నాను. పై కొస నుంచి వరుస వరుసగా కూడుతూ పొమ్మన్నాను. 1, 4, 9, 16. ఐదో తరగతి అమ్మాయి ఈ సంఖ్యలను గుర్తుపట్టింది: ఒకట్లొకటి, రెండ్రెళ్లు నాలుగు, మూడుమూళ్లు తొమ్మిది, నాలుగునాలుగులు పదహారు. అంటే మధ్య వరుసతో కలిపి పై భాగం 16, కింది భాగం 9. మరి మధ్యలో 9 చుక్కలు పెడితే? కాసేపు గుసగుసలాడుకుని, ఐదైదులు, నాలుగునాలుగులు కలిపి 41 అన్నారు. అమ్మ ఆ ముగ్గు వేసి చూపించింది. సరిగ్గా 41. వాళ్లు చెప్పిన పద్ధతి ఎంత పెద్ద ముగ్గుకైనా పనికొస్తుంది. అక్షరం రాయకపోయినా బీజగణితమంటే అదే.

గ్రాఫుల కోసం కూడా ఆ చుక్కలనే వాడుకున్నాం. అడ్డంగా, నిలువుగా సమాన దూరంలో చుక్కలు ఉంటే గ్రాఫు కాగితం సిద్ధమైనట్టే. పిల్లలు అరుగు మీద కూర్చుని మైపాడు దారిలో పోయే బండ్లను లెక్కపెట్టారు: మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, బస్సులు, రొయ్యల చెరువుల వైపు వెళ్లే వ్యాన్లు. ఒక్కో బండికి ఒక గీత: నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. ఒక్కో బండికి ఒక్కో చుక్క అంటే వాకిలి చాలదు, అందుకని ఒక చుక్కకు 5 బండ్లు అనుకున్నారు. ఆటోలు 18 వచ్చాయి. పట్టీ ఎక్కడిదాకా గీయాలి? మూడు చుక్కలదాకా 15, ఇంకా మూడు మిగిలాయి. నాలుగో చుక్కకు సగం దారి దాటించి కొంచెం పైన ఆపాలని తేల్చుకోవడానికి చాలాసేపు వాదించుకున్నారు. నేను మధ్యలో కల్పించుకోలేదు. భిన్నాలు అలా పనిలో పడి నేర్చుకుంటేనే గుర్తుంటాయి.

ఒక అబ్బాయి తనకిష్టమైన మోటారు సైకిళ్ల పట్టీ పొడుగ్గా కనిపించాలని దాన్ని ఒక చుక్క కింది నుంచి మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఊరుకోలేదు. పట్టీలన్నీ ఒకే గీత మీద, సున్నా దగ్గరే మొదలుకావాలి. ఈ ఒక్క మాట చిన్నప్పుడే నాటుకోవాలని నా గట్టి కోరిక. టీవీలో, ఫోనులో రోజూ కనిపించే గ్రాఫుల్లో కింది భాగం కోసేసి చిన్న తేడాను పెద్దగా చూపించేవి చాలా ఉంటాయి. ఆరో ఏడో తరగతి వచ్చేసరికి ఈ పిల్లలు వాటిని పట్టుకోగలిగితే, వాళ్లను మోసం చేయడం ఎవరికీ అంత సులువు కాదు.

ఆదివారం మళ్లీ లెక్కపెడితే కార్ల పట్టీ బాగా పెరిగింది. సముద్రం చూడటానికి వచ్చే జనం మరి. ఇంకో ప్రశ్న కూడా వేశాను: మన జిల్లాలో నెలవారీ వానల గ్రాఫు గీస్తే ఏ నెలల పట్టీలు పొడుగ్గా ఉంటాయి? పుస్తకం గుర్తున్నవాళ్లు జులై అన్నారు. రైతు ఇంటి పిల్లవాడు మాత్రం "దీపావళి అయ్యాక" అన్నాడు. వాడిదే సరైన జవాబు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి పెద్ద దిక్కు, మన నెల్లూరుకు ఈశాన్యం. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది.

సంభావ్యత పాఠానికి అష్టాచమ్మా. మధ్యాహ్నమంతా వీళ్లు ఆడేది అదే. నాలుగు చింతగింజలను గచ్చు మీద ఒక వైపు తెల్లగా అరగదీశారు. వేసినప్పుడు ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది గళ్లు. అష్ట కోసం అందరికీ ఆశే. ఏది తరచుగా పడుతుందో ముందే చెప్పమని అడిగి వాళ్ల జవాబులు గోడ మీద సుద్దముక్కతో రాయించాను. అన్నీ ఒకేలా పడతాయని సగం మంది అన్నారు. తర్వాత ఆడుతూ, పడినవన్నీ గీతలు గీస్తూ పోయారు. వాటితో పట్టీలు గీస్తే మధ్యలో రెండు ఎత్తుగా, ఒకటి, మూడు దానికి కాస్త తగ్గి, అష్ట, చమ్మ అడుగున కనిపించాయి.

ఎందుకలా? నాలుగు గింజలకు నాలుగు రంగుల బొట్లు పెట్టాం, ఏది ఏదో తెలియడానికి. అన్ని రకాలనూ పిల్లలే పేర్చారు. మొత్తం 16. నాలుగూ తెల్లగా పడటానికి ఒక్కటే దారి. ఒకటి మాత్రమే తెల్లగా పడటానికి నాలుగు దారులు, రెండు పడటానికి ఆరు, మూడు పడటానికి మళ్లీ నాలుగు, ఒక్కటీ పడకపోవడానికి ఒకటి. 1, 4, 6, 4, 1. గింజకు రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే అష్ట పడే అవకాశం పదహారింట ఒకటి.

మామయ్య ఇక్కడ ఉత్సాహంగా అందుకున్నారు. మన ఛందస్సులో మూడక్షరాల గణాలు ఎనిమిది ఎందుకో అడిగారు. ప్రతి అక్షరమూ లఘువో గురువో కావాలి గనుక మూడు గింజలాట లాంటిదే. అన్నీ లఘువులైతే న గణం, అన్నీ గురువులైతే మ గణం. ఒక గురువు ఉన్నవి మూడు, రెండు గురువులు ఉన్నవి మూడు. 1, 3, 3, 1. ఈ వరుసలను పేర్చిన మేరు ప్రస్తారాన్ని పదో శతాబ్దంలో హలాయుధుడు పింగళుడి ఛందస్సుకు వ్యాఖ్యానం రాస్తూ వివరించాడు. మా అబ్బాయి ఇది విని, తను అమెరికాలో చూసిన పాస్కల్ త్రిభుజం కూడా ఇదేనని గంతులేశాడు.

ఆటలో ఒక చోట గొడవ వచ్చింది. "ఇంతసేపటి నుంచి అష్ట పడలేదు, ఈసారి తప్పకుండా పడుతుంది" అని ఒకడు పట్టుబట్టాడు. గింజలకు ముందు ఏం పడిందో గుర్తుండదని వాడితో చెప్పాను. నమ్మలేదు. పదహారు సార్లు వేసినా ఒక్క అష్టా పడకపోవడానికి ఉన్న అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. లెక్క వాడికి పెద్దయ్యాక తెలుస్తుంది, ఇప్పటికి గోడ మీది గీతలే సాక్ష్యం. పదహారేసి సార్లు వేసినవాటిని ఒక్కో గుంపుగా విడగొట్టి చూశాం. అష్ట అసలు లేని గుంపులు ఉన్నాయి, రెండేసి ఉన్నవీ ఉన్నాయి. వాడు చాలాసేపు గోడనే చూస్తూ నిలబడ్డాడు. కామన్ కోర్‌లో సంభావ్యత ఏడో తరగతిలో గానీ రాదు. అమెరికా లెక్కల ఉపాధ్యాయుల మండలి 1989లో ప్రకటించిన ప్రమాణాల్లో నాలుగో తరగతి లోపే ఉండేది. నా ఓటు పాతదానికే. ఆన్‌లైన్ పందేలు ఫోనులోకి వచ్చేశాక, ఏడో తరగతిదాకా ఆగడం ఆలస్యమే.

చివరగా గింజలు తీసేసి గవ్వలు ఇచ్చాను. గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానమా? పిల్లలు అవునని, కాదని రెండు జట్లయ్యారు, ఇంకా గీతలు గీస్తూనే ఉన్నారు. గింజల గ్రాఫు, గవ్వల గ్రాఫు పక్కపక్కన పెట్టి వచ్చే వీడియోలో చూపిస్తాను. అంతదాకా మీ ఇంటి పిల్లలకు ఒక ప్రశ్న: నాలుగు కాకుండా ఐదు గింజలతో ఆడితే మొత్తం ఎన్ని రకాలు, వాటిలో సరిగ్గా రెండు తెల్లగా పడేవి ఎన్ని? జవాబుతోపాటు ఎలా వచ్చిందో కూడా వాళ్ల మాటల్లోనే రాయించి పంపండి.