మహిళల ఫుట్‌బాల్ లీగ్ పెరిగింది.. ఉత్తర తెలంగాణకు ఏం చేరింది?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: ఒక క్రీడా జర్నలిస్టు, యూనివర్సిటీ జట్టుకు ఆడిన మాజీ క్రీడాకారిణి, జిల్లాలో బాలికలకు శిక్షణ ఇస్తున్న కోచ్. మధ్యలో మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక తల్లి ఫోన్‌లో మాట్లాడారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ గెలిచారు. ఒడిశా ఎఫ్‌సీతో ఆడి టైటిల్ ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో పడింది ఒకటే గోల్. అది కొట్టింది మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఆమెకే వచ్చింది. లీగ్ బాగా ఎదిగిందని అందరూ అంటున్నారు. నిజంగా ఎంత ఎదిగింది, ఆ ఎదుగుదల మన దాకా వచ్చిందా? సార్, మీతో మొదలుపెడదాం.

జర్నలిస్టు: ముందు ఎక్కడ మొదలైందో చూద్దాం. 2017లో తొలి లీగ్ ఫైనల్ రౌండ్ ఢిల్లీలో జరిగింది. ఆరే జట్లు. జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరి 14కల్లా అయిపోయింది. అంటే మూడు వారాలు కూడా లేదు. మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. ఆ ఆరింటిలో ఒకటి అలఖ్‌పురా. హరియాణా భివానీ జిల్లాలో ఒక ఊరు అది. ఊరి పేరుతోనే జట్టు వచ్చి జాతీయ లీగ్ ఆడింది. ఈ సంగతి మన దగ్గర ఎక్కువమందికి తెలియదు, తెలియాలి.

తర్వాత షిల్లాంగ్, లూధియానా, బెంగళూరు.. ఏటా ఒక్కో ఊళ్లో పెట్టారు. కోవిడ్ వల్ల ఒక సీజన్ జరగనే లేదు. 2022లో ఒడిశాలో 12 జట్లు, 2023లో అహ్మదాబాద్‌లో 16 జట్లు ఆడాయి. 2023–24లో ఏడుకు తగ్గించారు. నా దృష్టిలో లీగ్ ఎదిగింది ఆ ఏడాదే.

వ్యాఖ్యాత: పదహారు నుంచి ఏడుకు తగ్గితే ఎదిగినట్లు ఎట్లా అవుతుంది సార్?

జర్నలిస్టు: ఎందుకంటే అప్పటిదాకా అది టోర్నమెంట్. పేరుకే లీగ్. 2023–24లో మొదటిసారి సొంత ఊళ్లో ఒక మ్యాచ్, ఎదుటివాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్ పద్ధతి పెట్టారు. ఆ ఏడాది ఒడిశా ఎఫ్‌సీ గెలిచింది. మరుసటి ఏడాది ఎనిమిది జట్లు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. దీంట్లో తేడా ఏమిటో ఆడినవాళ్లే బాగా చెప్తారు. మేడమ్‌ను అడగండి.

మాజీ క్రీడాకారిణి: ఒకే ఊళ్లో టోర్నమెంట్ అంటే రోజు విడిచి రోజు మ్యాచ్. మొన్నటి దెబ్బ తగ్గకముందే మళ్లీ బూట్లు కట్టుకోవాలి. మడమ మెలిక పడిందంటే ఆ పిల్లకు ఆ ఏడాది ఆట అయిపోయినట్లే. మిగిలిన పదకొండు నెలలు? ఇంటికి వచ్చి కూర్చోవడమే. ఫిట్‌నెస్ పోతుంది, బరువు పెరుగుతుంది, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. మాతో ఆడిన మంచి మంచి డిఫెండర్లు ఆ పదకొండు నెలల్లోనే ఆటకు దూరమయ్యారు. ఇప్పుడు వారానికో మ్యాచ్ ఉంటే పిల్ల కోలుకుంటుంది, చేసిన తప్పు దిద్దుకుంటుంది, మళ్లీ ఆడుతుంది. నాలుగు నెలలు ఆడే పిల్ల ఇంట్లో "నేను పనికి పోతున్నా" అని చెప్పగలదు. అంతకుముందు ఆ మాట అనడానికి లేదు.

కోచ్: పని అంటే జీతం ఉండాలి కదా మేడమ్.

మాజీ క్రీడాకారిణి: అదే చెప్పబోతున్నా సార్. 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఒక నిబంధన తెచ్చింది. లీగ్‌లో ఆడే క్లబ్ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలి. నెలకు చూస్తే ఇరవై ఆరు వేలు, ఇంకొంచెం పైన. ఎక్కువని నేను అనను. కానీ మన పల్లెల్లో డిగ్రీ చదివిన ఆడపిల్లకు ప్రైవేటు స్కూల్లో ఎంత ఇస్తున్నారో అందరికీ తెలుసు. దాంతో పోల్చి చూడండి.

వ్యాఖ్యాత: పదిమందికే అన్నారు. మిగతావాళ్ల సంగతి?

మాజీ క్రీడాకారిణి: అక్కడే బాధ. పదకొండో పిల్ల నుంచి క్లబ్ ఇష్టం. బెంచీ మీద కూర్చునే పిల్ల కూడా పొద్దున ఆరింటికి ప్రాక్టీసుకు రావాల్సిందే కదా.

జర్నలిస్టు: ఇంకో విషయం కూడా చెప్పాలి. ఈ లీగ్ తన తప్పు లేకుండా దెబ్బలు తిన్నది. 2022 ఆగస్టులో మన ఫెడరేషన్ పాలన వ్యవహారాల వల్ల ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది. అప్పటికే లీగ్ విజేత గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీల కోసం తాష్కెంట్ చేరుకున్నారు. అక్కడి నుంచే ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగి రావాల్సి వచ్చింది. పది రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు. అప్పటికి వాళ్ల టోర్నమెంట్ చేజారిపోయింది.

2023లో ఇంకొకటి. కేరళ బ్లాస్టర్స్ పురుషుల జట్టు బెంగళూరుతో ప్లేఆఫ్ మధ్యలో మైదానం వదిలి వెళ్లిపోయింది. ఫెడరేషన్ నాలుగు కోట్ల జరిమానా వేసింది. ఆ జరిమానా భారం వల్ల మహిళల జట్టును ఆపేస్తున్నామని జూన్‌లో క్లబ్ ప్రకటించింది. మైదానం వదిలి వెళ్లింది మగవాళ్లు. జట్టు పోయింది ఆడవాళ్లకు. ఎవరు తప్పు చేసినా ముందు కోత పడేది వీళ్లకే. ఈ అలవాటు పోనంత కాలం ఎన్ని జట్లు చేరినా లాభం లేదని నేను గట్టిగా నమ్ముతున్నా. 2024–25లో ఆడిన ఎనిమిది క్లబ్బుల్లో పురుషుల పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో జట్లున్నవి రెండే, ఈస్ట్ బెంగాల్, ఒడిశా. మిగతా ఆరూ చిన్న క్లబ్బులు, అకాడమీలు. లీగ్‌ను మోస్తున్నది వాళ్లే.

వ్యాఖ్యాత: ఆ ఎనిమిదిలో తెలంగాణ జట్టు?

జర్నలిస్టు: లేదు. కోల్‌కతావి రెండు, ఒడిశావి రెండు, కేరళ, తమిళనాడు, బెంగళూరు, ఢిల్లీ నుంచి ఒక్కొక్కటి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ ఎస్.ఎ. రహీం హైదరాబాద్‌వారు. ఆయన రాష్ట్రం నుంచి జాతీయ మహిళల లీగ్‌లో జట్టు లేదు. సౌమ్య ఆడాలంటే కేరళలో గోకులం క్లబ్‌కు పోవాలి, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ పోవాలి, కోల్‌కతా పోవాలి. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వస్తే చాలదు.

కోచ్: సార్, నేను కొంచెం వేరుగా చెప్తా. రేపు హైదరాబాద్ క్లబ్ ఒకటి పెట్టారే అనుకోండి. ఇరవైమంది పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? మణిపూర్ నుంచి, ఒడిశా నుంచి తెచ్చుకుంటారు. వాళ్లను తెచ్చుకోవడం తప్పు కాదు. కానీ మన పిల్లల లెక్క చూడండి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19. మండలం, జిల్లా, రాష్ట్రం. అంతా నాకౌట్. మొదటి మ్యాచ్ ఓడితే బస్సెక్కి ఇంటికి రావడమే. ఏడాదంతా ప్రాక్టీసు చేసిన పిల్లకు అరగంటో గంటో ఆట దొరుకుతుంది. సెలెక్షన్స్ అంటే టెన్షన్‌తో రాత్రి నిద్రపోరు పిల్లలు. ఆ ఒక్క రోజు కాలు సరిగా పడకపోతే అంతే. అండర్-19 దాటాక కాకతీయ యూనివర్సిటీ జట్టు తప్ప ఇక్కడ ఇంకో మెట్టు లేదు. డిగ్రీలో చేరని పిల్లకు అదీ లేదు.

మాజీ క్రీడాకారిణి: సార్ మాటకు ఒప్పుకుంటా, కానీ పైన లీగ్ లేకపోతే తల్లిదండ్రులు కింద పంపరు. సౌమ్య టీవీలో కనిపించాకే మా కాలనీలో ఆడపిల్లలు షార్ట్స్ వేసుకొని గ్రౌండ్‌కు వస్తుంటే చుట్టుపక్కలవాళ్లు గొణగడం తగ్గింది. బాక్సర్ నిఖత్ జరీన్ వల్ల నిజామాబాద్‌లో, పారా అథ్లెట్ జీవాంజి దీప్తి వల్ల మన పర్వతగిరి వైపు పల్లెల్లో ఏం మారిందో చూస్తూనే ఉన్నాం.

కోచ్: పైన వద్దని నేను అనలేదు మేడమ్. నడుమ ఏమీ లేదంటున్నా. నా ఆలోచన చెప్తా. హనుమకొండ, కాజీపేట, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు. ఎనిమిది ఊళ్లు, ఎనిమిది జట్లు. ఆదివారం ఆదివారం ఆడాలి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసి సార్లు. పెద్ద స్టేడియం అక్కర్లేదు. గురుకులాల్లో పిల్లలున్నారు, తిండి ఉంది, చాలాచోట్ల గ్రౌండ్ ఉంది. కావాల్సింది బస్సు ఖర్చు, రిఫరీల ఫీజు, రెండు మంచి బంతులు, ఒక ఫస్ట్ ఎయిడ్ మనిషి.

జర్నలిస్టు: ఏడింటితో రెండేసి అంటే 14 మ్యాచ్‌లు. జాతీయ లీగ్‌లో ఆడినన్ని!

కోచ్: అవును సార్. పదిహేనేళ్ల పిల్ల ఒక సీజన్‌లో 14 మ్యాచ్‌లు ఆడిందనుకోండి, మైదానం అంచు (వింగ్) నుంచి ఎప్పుడు లోపలికి దూసుకెళ్లాలో, ఎప్పుడు గోల్ ముందుకు బంతి (క్రాస్) వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సమ్మర్ క్యాంపులో కోన్ల చుట్టూ ఎంత పరుగెత్తించినా అది రాదు. మేం క్యాంపులు ఎక్కువ పెడుతున్నాం, మ్యాచ్‌లు తక్కువ ఆడిస్తున్నాం.

మాజీ క్రీడాకారిణి: ఒక్కటి కలపండి సార్. బట్టలు మార్చుకోవడానికి ఒక గది, నీళ్లున్న టాయిలెట్. నెలసరి రోజుల్లో పిల్లలు మ్యాచ్‌కు రాకపోవడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. గ్రౌండ్‌లో గది లేక చెట్టు చాటున చున్నీలు అడ్డం పట్టుకొని మార్చుకునే పరిస్థితి. మహిళల ఫుట్‌బాల్ గురించి ఎంత పెద్ద మీటింగ్ పెట్టినా ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

వ్యాఖ్యాత: డబ్బు ఎవరిస్తారు?

జర్నలిస్టు: ఇక్కడ సింగరేణి ఉంది, రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. మణిపూర్ పోలీస్ జట్టు 2019లో ఈ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. ఉద్యోగం ఇచ్చే సంస్థ జట్టు పెడితే పిల్ల ఆటకూ, ఇంటికీ రెండింటికీ భరోసా. జాతీయ జట్టుకూ అదే బలం. 2025 జూలైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి మనవాళ్లు 2026 ఆసియా కప్‌కు వెళ్లే అర్హత సంపాదించారు. క్వాలిఫయర్స్ ఆడి నెగ్గి వెళ్లడం అదే మొదటిసారి. రెండు గోల్సూ సంగీత బస్ఫోర్‌వే. ఆమె కూడా ఈ లీగ్‌లో ఆడే అమ్మాయే.

వ్యాఖ్యాత: మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో తల్లి: నమస్తే. మా బిడ్డ గురుకులంలో ఇంటర్ చదువుతోంది. గోల్‌కీపర్. వేరే రాష్ట్రం క్లబ్ వాళ్లు ట్రయల్స్‌కు రమ్మన్నరు. మాకు భాష రాదు, అక్కడ ఎవరూ తెల్వదు. పంపాల్నా వద్దా, మీరే చెప్పండి.

మాజీ క్రీడాకారిణి: అక్కా, ట్రయల్స్‌కు పంపండి. కానీ ఒంటరిగా వద్దు, మీలో ఒకరు గానీ పీఈటీ మేడమ్ గానీ వెంట వెళ్లాలి. రమ్మని ఫోన్ చేస్తే చాలదు, క్లబ్ లెటర్‌హెడ్ మీద కాగితం అడగండి. ట్రయల్స్‌కు పైసలు కట్టమంటే అక్కడే ఆపేయండి. సెలెక్ట్ అయితే నాలుగు అడగండి: హాస్టల్‌లో వార్డెన్ ఆడమనిషా, జీతం బ్యాంకు ఖాతాలో వేస్తారా, ఇంటర్ పరీక్షలకు పంపిస్తారా, మోకాలికి దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది. మోకాలి లిగమెంట్ తెగడం ఆడపిల్లల్లో మగవాళ్లకన్నా ఎక్కువ, అందుకే ఆఖరిది తప్పకుండా రాయించుకోండి. ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో బిడ్డ పేరు ఎక్కిందో లేదో కూడా చూడాలి.

ఫోన్‌లో తల్లి: కాంట్రాక్టు ఇంగ్లిష్‌ల ఉంటది కదమ్మా?

మాజీ క్రీడాకారిణి: సంతకం పెట్టకముందే ఫొటో తీసి నాకు పంపండి అక్కా. ప్రతి లైను తెలుగులో చదివి వినిపిస్తా.

వ్యాఖ్యాత: లైన్ కట్ చేయకండమ్మా. ప్రోగ్రామ్ అయ్యాక మేడమ్ మీతో మాట్లాడతారు, నంబర్ ఇస్తారు.