గాలిలో ఉన్నది చివరి అరకిలోమీటరే

(ప్రపంచ టెలికమ్యూనికేషన్ దినోత్సవం సందర్భంగా ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, ఈసీఈ అధ్యాపకులకు, ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక ఇరుక్కుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగం పేరు ‘టెలికాం రంగం: పోకడలు, సవాళ్లు’ అని వేశారు. చూసి నాకే బెదురు పుట్టింది. నేను 32 ఏళ్లు కేబుళ్ల వెంట తిరిగినవాణ్ని. 6జీ గురించి నాకంటే మీ యూట్యూబ్‌కే ఎక్కువ తెలుసు. అందుకని నాకు తెలిసిన వైపు నుంచే వస్తాను. కింద నుంచి, మట్టిలోంచి.

మీ ఫోన్లో 5జీ అని కనబడుతోంది కదా. ఆ ఫోను నుంచి ఎదురుగా హాస్టల్ మీదున్న టవర్ దాకా ఎంత దూరం? మహా అయితే అరకిలోమీటరు. గాలి అంతవరకే. మీరు చూసే వీడియో చెన్నైలోనో ముంబైలోనో ఉందనుకోండి, మిగతా దారంతా గాజు పోగులోనే వస్తుంది. ఆ పోగు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. మనం వైర్‌లెస్ అని పిలుచుకునేదాంట్లో వైరే ఎక్కువ. ఈ రంగంలో నేను చూసిన సవాళ్లు చాలావరకు ఆ వైరు దగ్గరే పుట్టాయి.

ఒక రాత్రి సంగతి చెప్తాను. 2002 వానాకాలం. తుని అవతల నాలుగు వరసల హైవే పని జరుగుతోంది. రాత్రి ఎనిమిదింటికి కబురు, రూటు పడిపోయిందని. ఎక్స్ఛేంజ్‌లో ఓటీడీఆర్ పెట్టి చూశాం. పోగులోకి వెలుగు పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎక్కడ తెగిందో చెప్పే పెట్టె అది. 17.4 కిలోమీటర్లు అంది. కొత్తగా చేరిన కుర్రాడు బండి మీటరు చూసుకుంటూ సరిగ్గా 17.4 దగ్గర ఆపాడు. అక్కడ ఏమీ లేదు, చీకటీ కప్పలూ తప్ప. ఓటీడీఆర్ చెప్పేది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి జాయింటు దగ్గరా పది పదిహేను మీటర్లు చుట్ట చుట్టి వదిలేస్తాం, రేపు అవసరానికి. ఆ చుట్టలన్నీ లెక్కగట్టి తీసేస్తే కొంచెం వెనక్కి రావాలి. వచ్చాం. అక్కడ జేసీబీ ఉంది, కేబుల్ పేగులు బయటపెట్టుకుని ఉంది, డ్రైవరు లేడు.

అది 24 పోగుల కేబుల్. జేసీబీ పన్ను తగిలితే కేబుల్ కత్తితో కోసినట్టు తెగదు, లాగి తెంపుతుంది. రెండు పక్కలా దెబ్బతిన్న భాగం కోసేసి మధ్యలో కొత్త ముక్క వేయాలి. అంటే రెండు జాయింట్లు, 48 అతుకులు. ఒక్కో పోగుకూ అంటుకున్న జెల్లీ తుడవాలి, పైపూత ఒలవాలి, స్పిరిట్‌తో శుభ్రం చేయాలి, కొస తిన్నగా కోయాలి, మెషీన్లో పెట్టాలి. రెండు కొసలూ ఎదురెదురుగా తెర మీద కనిపిస్తాయి. చిటుక్కున మెరుపు. అతుక్కుంటుంది. పోగులు అతికే మా స్ప్లైసర్ చెయ్యి ఎంత నిలకడైనదంటే, వ్యానులో టీ గ్లాసు వణికేది గానీ ఆయన వేళ్లు వణికేవి కావు. కానీ ఆ రాత్రి ఉసిళ్లు లేచాయి. దీపం వేస్తే వచ్చి పడతాయి, ఆర్పితే పని కాదు. ముప్పయ్యో అతుకు దగ్గర అనుకుంటా, ఉసిలి రెక్క ఒకటి మెషీన్ గాడిలో పడింది. అతుకు దగ్గర వెలుగు నష్టం 0.02 డెసిబెల్స్ చూపించాల్సింది 0.6 చూపించింది. తెంపి మళ్లీ మొదలు. తెల్లారి అయిదైంది.

ఇలాంటి తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయలు నష్టమని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. అందుకే 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్ తెచ్చారు. తవ్వే ముందు చెప్పండి, అక్కడ ఎవరి కేబుల్ ఉందో వాళ్లకు కబురెళ్తుంది అని. మంచి ఆలోచనే. మన దగ్గర మంచినీళ్ల పైపు వేసేవాడు డ్రైనేజీ వాడికి చెప్పడు, డ్రైనేజీ వాడు కరెంటు వాడికి చెప్పడు. వీళ్లంతా యాప్‌కి చెప్తారా అనేది మీరే ఊహించుకోండి.

మట్టిలో ఇంత బాధ ఉంటే పైనుంచి వేయొచ్చు కదా అంటారు. వేశారు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చేసింది అదే. కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. తవ్వకం ఖర్చు లేదు, అనుమతుల తలనొప్పి తక్కువ, పని త్వరగా అయ్యింది. నెలకు 149 రూపాయలకు నెట్టూ టీవీ ఫోనూ ఇస్తామని 2017 డిసెంబరులో మొదలుపెట్టారు. తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఎలాగూ కందకం తవ్వుతున్నారు కాబట్టి అందులోనే ఫైబర్ గొట్టమూ వేసేశారు. రెండూ తెలివైన పనులే. కాకపోతే స్తంభం మీది తీగకు గాలివాన భయం, మట్టిలో గొట్టానికి గునపం భయం. నన్నడిగితే మన కోస్తాకు భూమిలోదే మేలంటాను. డబ్బులెవరిస్తారని అడగొద్దు.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. భారత్‌నెట్ కింద రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయాలని 2011లో అనుకున్నారు. మొదట్లో చాలాచోట్ల మండలం నుంచి పంచాయతీకి ఒకే దారిలో వేశారు. ఊరికి ఒకటే రోడ్డుండి దానికి గండి పడితే ఏమవుతుంది? అదే అయింది. కేబుల్ ఎక్కడ తెగితే అక్కడి నుంచి అవతలి ఊళ్లన్నీ చీకటే. 2023లో కార్యక్రమాన్ని సవరించి 1.39 లక్షల కోట్లతో రింగు పద్ధతికి మారాలని నిర్ణయించారు. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి తిరిగొచ్చేలా. ముందే రింగు వేస్తే ఖర్చెక్కువని మానుకున్నారు. ఇప్పుడు రెండుసార్లు ఖర్చు.

హుద్‌హుద్ తుపాను రోజు, 2014 అక్టోబర్ 12, ఆదివారం, నేను విశాఖలో ఉన్నాను. చాలా టవర్లు నిలబడే ఉన్నాయి. అయినా ఫోన్లు మూగబోయాయి. కరెంటు పోయింది. బ్యాటరీలు నాలుగైదు గంటలు లాగాయి. తర్వాత జనరేటర్లు. వాటికి డీజిల్ కావాలి. బంకులో డీజిల్ ఉంది, దాన్ని పైకి తోడే మోటారుకు కరెంటు లేదు. టవర్ దగ్గరకు వెళ్దామంటే రోడ్డుకు అడ్డంగా చెట్లు. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టుల కరెంటు వెళ్లేది. తీగ తెగని ఇళ్లలో ఆ ఫోన్లు మోగాయి. ఇప్పుడు మీ ఇంట్లో గోడకున్న ఫైబర్ పెట్టె మీ ఇంటి కరెంటు మీదే బతకాలి. వేగం పెరిగింది, ఓర్పు తగ్గింది. ఇప్పుడు తుపాన్లప్పుడు ఏ కంపెనీ సిమ్ అయినా ఏ టవర్ సిగ్నల్ అయినా పట్టుకునేలా ఏర్పాటు చేస్తున్నారు. అది నిజంగా మెచ్చుకోవాల్సిన మార్పు.

5జీకి వద్దాం. 2022 అక్టోబర్ 1న మన దేశంలో మొదలైంది. అంతకు ముందు వేలంలో కంపెనీలు లక్షన్నర కోట్ల రూపాయలకు స్పెక్ట్రం, అంటే సిగ్నల్ పంపే రేడియో తరంగాలు వాడుకునే హక్కు, కొన్నాయి. వేగం ఎక్కువగా 3,300 మెగాహెర్ట్జ్ పైనున్న పట్టీలో దొరుకుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్ గోడ దాటడానికి మొరాయిస్తుంది. కాబట్టి టవర్లు దగ్గర దగ్గరగా కావాలి, ప్రతి టవర్‌కూ ఫైబర్ కావాలి. దేశంలో ఫైబర్ చేరిన టవర్లు ఇంకా సగం లేవు. మిగతావి మైక్రోవేవ్ డిష్‌ల మీద నెట్టుకొస్తున్నాయి. ఆరు అంగుళాల కొళాయి బిగించి వెనక అరంగుళం గొట్టం వేసినట్టు. ఫోన్లో 5జీ అని చూపిస్తూ వీడియో గిర్రున తిరుగుతుంటే కారణాల్లో ఇదొకటి.

ఒక్క మిల్లీసెకనులో జవాబు అనే ప్రచారం మీరు వినే ఉంటారు. అది గాలిలో ముక్కకే వర్తిస్తుంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రం కింద 3,200 కిలోమీటర్లు. పోవడానికి 16, రావడానికి 16 మిల్లీసెకన్లు. ఎన్ని జీలొచ్చినా ఈ లెక్క మారదు. మార్చాలంటే సర్వర్‌ను దగ్గరికి తెచ్చుకోవాలి. విశాఖలో డేటా సెంటర్లకు, 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 15 బిలియన్ డాలర్ల కేంద్రానికి, దానితోపాటు చెప్పిన సముద్ర కేబుళ్లకు అసలు విలువ ఇక్కడుంది. ఇన్నాళ్లూ మన దేశానికి సముద్ర కేబుళ్లు ప్రధానంగా ముంబై, చెన్నైలకే వచ్చేవి. ఎర్ర సముద్రంలో 2024లో ఒకసారి, 2025లో ఇంకోసారి కేబుళ్లు తెగినప్పుడు ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో అందరూ చూశారు. ఇందాకటి పంచాయతీ కథే, సముద్రమంత సైజులో.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తాను. 1995 జూలై 31న కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి మొబైల్ కాల్ మాట్లాడారు. ఆ రోజుల్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బులే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా పప్పూ బెల్లం అయింది. జనానికి మేలే జరిగింది. డజను కంపెనీలు మాత్రం మూడు ప్రైవేటు సంస్థలూ ఒక ప్రభుత్వ సంస్థగా మిగిలాయి. 2019 అక్టోబరులో ఏజీఆర్ బకాయిల మీద, అంటే కంపెనీలు తమ ఆదాయంలోంచి ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా మీద, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. స్పెక్ట్రం, ఏజీఆర్ బాకీల్లో కొంతకు బదులు వాటా తీసుకున్న ప్రభుత్వమే ఇవాళ వొడాఫోన్ ఐడియాలో పెద్ద వాటాదారు. డబ్బు బిగిసినప్పుడు ముందు కోత పడేది మెయింటెనెన్సుకే. కొత్త టవర్‌కు రిబ్బన్ కటింగ్ ఉంటుంది. పాత జాయింటు మళ్లీ చేస్తే ఫొటో తీసేవాడెవడు?

మనుషుల సంగతీ అంతే. 2020 జనవరి 31న ఒక్కరోజే బీఎస్ఎన్ఎల్ నుంచి సుమారు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. ఏ కల్వర్టు కింద ఏ కేబుల్ ఎటు మలుపు తిరిగిందో కాగితం మీద లేని లెక్క చాలావరకు వాళ్ల తలల్లోనే ఉండేది. అదే సంస్థ 2025 సెప్టెంబరులో స్వదేశీ పరికరాలతో 4జీ మొదలుపెట్టింది. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్, తేజస్, టీసీఎస్ కంపెనీలు కలిసి చేసిన పని. మీలో సాఫ్ట్‌వేర్ వైపు పోదామనుకునేవాళ్లు దాన్నొకసారి గమనించండి, అందులో ఈసీఈ వాళ్లకూ చోటుంది.

స్లైడ్లు తేలేదు, క్షమించండి. బదులుగా స్ప్లైసింగ్ మెషీన్ తెచ్చాను, రెండో అంతస్తు ల్యాబ్‌లో పెట్టించాను. భోజనాలయ్యాక ఆరుగురేసి చొప్పున రండి, ప్రతివాళ్లూ ఒక అతుకైనా వేయాలి. పోగుల రంగుల వరస గోడకు అంటించాను: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు... అలా పన్నెండు. ఒక్క మాట. కోసిన గాజు ముక్కలు కంటికి కనబడవు, ఒంట్లో గుచ్చుకుంటే బయటకు రావు. కింద పడేయకండి, బల్ల మీద టేపు పెట్టాను, దానికి అంటించండి. చెప్పులు బయట విడిచి రావద్దు. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దు.