429 కోట్ల సంఖ్యను ఐదు భాగహారాల్లో విప్పడం

కాగితం, పెన్సిల్ తీసి పెట్టుకోండి. కాలిక్యులేటర్ వద్దు, కిరాణా కొట్లో ఉండే ఎనిమిదంకెల దాంట్లో ఈ సంఖ్య పట్టదు కూడా.

బోర్డు మీద ఉన్నది 429,49,67,297. దీన్ని కారణాంకాలుగా విప్పాలి. ముప్పై రెండు రెళ్లను గుణించి ఒకటి కలిపితే వస్తుంది. ఒకట్లు, సున్నాలతోనే రాస్తే ముందొక 1, మధ్యన 31 సున్నాలు, చివరొక 1, మొత్తం 33 స్థానాలు. ఆ 33నే మన పర్లాకిమిడి కొండల్లోని సవర భాషలో ఇరవై, పన్నెండు, ఒకటి అని కూర్చి చెబుతారు. మీరు ఇంట్లో తెలుగులో, బడిలో ఒడియాలో చదువుతారు. పేరు, రాత ఎలా మారినా కారణాంకాలు మారవు.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. ఊరికే అనుకోలేదు: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు రెళ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ఈ వరసలో దీనికి ముందున్నవి, ఐదూ ప్రధాన సంఖ్యలే. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ దీన్ని విప్పాడు. చిత్రమేమంటే, ఫెర్మా పేరు మీదున్న పరీక్షను (ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేసి, 2ను అన్నిసార్లు గుణించి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి; 2 తప్ప మిగతా ప్రధాన సంఖ్యలన్నిటికీ ఇది నిజం) 2తో పెడితే ఈ సంఖ్య దర్జాగా గట్టెక్కుతుంది. 2 ఘాతం 32 మన సంఖ్యకు ఒకటి తక్కువ, అంటే శేషం −1. వర్గం చేస్తే 1. ఆపైన ఎన్ని వర్గాలు చేసినా 1 తప్ప ఇంకేమీ రాదు. 3తో పెడితే దొరికిపోతుంది గానీ 32 సార్లు వర్గం చెయ్యాలి.

వర్గమూలం 65,536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే 6,542 భాగహారాలు. అంత అక్కర్లేదు. ‘ప’ అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, 2 ఘాతం 64ను ‘ప’తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అంతకన్నా చిన్న ఘాతమేదీ 1 ఇవ్వదు. పైన చెప్పిన పరీక్ష ప్రకారం 2 ఘాతం (ప−1)కీ శేషం 1 రావాలి. కనక ‘ప’లో ఒకటి తీసేస్తే 64 గుణిజం కావాలి. 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా దాన్ని 128కి పెంచాడు. ఇక చూడవలసినవి 129, 257, 385, 513, 641. మొదటి, నాలుగో సంఖ్యలు 3తో పోతాయి, 385 ఐదుతో పోతుంది. 257 ఎందుకు కాదు? ఆ ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధం సరిగ్గా మన సంఖ్యకు రెండు తక్కువ, అంటే శేషం 2. మిగిలింది 641.

భాగించకుండానే ఇది తేలుతుంది. 641 అంటే 5×128+1, కాబట్టి 5×128కి శేషం −1, దాని నాలుగో ఘాతానికి 1. మరోవైపు 641 అంటే 625+16, కాబట్టి 5 నాలుగో ఘాతానికి శేషం −16. 128 నాలుగో ఘాతం అంటే 2 ఘాతం 28; మొదటిదాంట్లో 5 నాలుగో ఘాతం బదులు −16 పెడితే −(2 ఘాతం 32)కి శేషం 1, అంటే 2 ఘాతం 32కి శేషం −1. ఒకటి కలిపితే సున్నా.

భాగఫలం 67,00,417. చాలామంది ఇక్కడే ఆపి అదీ ప్రధానమే అనేస్తారు. చూపించాలి కదా! దాని కారణాంకాలూ 128 అచ్చులోనే (128 గుణిజానికి ఒకటి కలిపినట్టు) ఉండాలి. వర్గమూలం 2588 దాకా ఆ అచ్చులో 257 పోను ప్రధాన సంఖ్యలు నాలుగే: 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 44, 120, 334, 622. మీకు వేరేవి వస్తే భాగహారంలో అంకె జారినట్టే, మళ్లీ చెయ్యండి.

కంప్యూటర్లో చేసేవాళ్లకో మాట. 32 బిట్ల గడిలో 2 ఘాతం 32 సున్నా అయిపోతుంది, మన సంఖ్య 1గా మిగులుతుంది. ఆ 1ని 641తో భాగించి, శేషం సున్నా రాలేదని ఆయిలర్‌ను తప్పు పట్టకండి; గడిని 64 బిట్లకు మార్చండి.